పద్మనాభంలో చీటీ తీశాం

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కర్నూలులో అందరూ సముద్రం గురించే అడుగుతున్నారు. ఓడలు చూశావా, ఇసకలో కూర్చున్నావా అని. చూశాను, కూర్చున్నాను. చీర అంచులో వెంటతెచ్చుకున్న ఇసక ఇంకా ఇంట్లో మూలమూలా దొరుకుతోంది. కానీ నేను వెళ్ళిన పని వేరు. మా చిన్న ట్రస్టు ఆ చుట్టుపక్కల సాయంత్రం క్లాసులు నడుపుతోంది. మూడో తరగతికి వచ్చినా తెలుగు చదవడం రాని పిల్లల్ని బడి అయ్యాక కూర్చోబెట్టి కథల పుస్తకాలు చదివించడం ఆ క్లాసుల పని. వాటివల్ల పిల్లలకు నిజంగా చదువు వస్తోందా అని ట్రస్టుకు డబ్బులిచ్చే పెద్దలు అడిగారు. ఆ సంగతి ఏ పద్ధతిలో తేల్చాలో చూసి రమ్మని మమ్మల్ని పంపారు. అంటే తేల్చడానికి కాదు, ఎలా తేల్చాలో తేల్చడానికి. ఇలాంటి పనికి కూడా రైలు టికెట్టు కొనిస్తారంటే మా అత్తగారు నమ్మలేదు.

మమ్మల్ని అంటే నన్నూ, రాజారత్నం గారినీ. నేను చాలా ఏళ్ళు చిన్న పిల్లల బడిలో పంతులమ్మగా చేసినదాన్ని. పిల్లవాడి పక్కన కాసేపు కూర్చుంటే వాడికి ఏం వచ్చో, ఏం రాదో తెలిసిపోతుందని నా ధీమా. రాజారత్నం గారు గుంటూరు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. కొలవనిది ఏదీ ఆయన నమ్మరు. రైల్లో కాఫీ వేడిగా ఉందా సార్ అని అడిగితే, "దేనితో పోలిస్తే?" అన్నారు. ఈ ప్రయాణంలో నాకు పొద్దు గడవదన్న బెంగ అక్కడితో తీరిపోయింది.

సీతమ్మధారలో గోదావరి

మా బస సీతమ్మధారలో వరలక్ష్మి గారింటి మేడమీద. ఆవిడ భర్తకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కోనసీమ నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇన్నేళ్ళయినా ఆవిడ మాటలో "ఆయ్" పోలేదు, పులుసులో బెల్లం తగ్గలేదు. మా కర్నూలులో కూర నోట్లో పెట్టుకోగానే చెవుల్లోంచి పొగ రాకపోతే వండినవాళ్ళకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాం. ఇక్కడ ఆనపకాయ పులుసు తిని, ఇది కూరా పాయసమా అని నేను ఆలోచిస్తుంటే ఆవిడ నా మొహం చూసి, "ఆయ్, తీపి సరిపోలేదాండీ?" అని ఇంకో గరిటె వేశారు.

చేయి కడుక్కుంటుండగా సుహాసిని వచ్చింది. ఇక్కడి క్లాసులన్నీ చూసుకునేది ఆ అమ్మాయే. వాళ్ళ నాన్న పాస్టరు. స్కూటీ వెనక ఎప్పుడూ ఓ బస్తాడు కథల పుస్తకాలుంటాయి.

"ఏటి మేడం, ఇంకా తింటన్నారా? బేగి రండి. పిల్లలు వచ్చీసి కూకున్నారు" అంది.

గాడిద కథ

క్లాసు దగ్గర్లోనే, వాళ్ళ చర్చి పక్క హాల్లో. రాజారత్నం గారు ట్రస్టు వాడే పరీక్ష పేజీ తీశారు. క్లాసు మొదలుపెట్టినప్పుడు పిల్లలు దాన్ని ఎంత చదవగలిగారు, ఇప్పుడెంత చదువుతున్నారు అని చూస్తే సరిపోతుందని ఆయన ఆలోచన. పేజీలో ఓ గాడిద సంతకెళ్ళి గుమ్మడికాయ మోసుకొచ్చే కథ ఉంది.

మొదటి పిల్లవాడు గడగడా చదివాడు. రెండోవాడు ఇంకా వేగంగా చదివాడు. మూడో పిల్ల గాడిద ఓండ్ర పెట్టే చోట నిజంగానే ఓండ్ర పెట్టింది. రాజారత్నం గారి మొహం వెలిగిపోయింది. నేను కూడా మురిసిపోయేదాన్నే గానీ, నాలుగో పిల్ల లిఖిత చదువుతుండగా ఫ్యాను గాలికి కాగితం తిరగబడింది. రెండో వైపు తెల్లగా ఉంది. లిఖిత ఆ తెల్ల కాగితం మీద వేలు పెట్టి, గాడిదను సంత నుంచి ఇంటిదాకా ఒక్క తప్పు లేకుండా తోలుకొచ్చింది.

నాకు నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి సుహాసిని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాను సెప్పలేదు సార్. దేవుడి తోడు. లోపల సదివినోడు బయటికెల్లి మిగతావోల్లకి సెప్పీస్తన్నాడు. ఇప్పుడు ఈల్లు పరీచ్చాట అనీసి ఆట కూడా ఆడతన్నారు."

"నువ్వు చెప్పావని నేననలేదమ్మా. ఒకే పేజీ పెట్టి ఇన్నాళ్ళూ పరీక్ష చేసినవాళ్ళది తప్పు. మనం కొలిచింది చదువు కాదు, జ్ఞాపకం" అన్నారు ఆయన. సంచిలోంచి వేరే కథ తీసి లిఖితకు ఇచ్చారు. ఆ పిల్ల గాడిద కోసం కాసేపు వెతికింది. లేదని తెలిశాక వేలుపెట్టి, కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు చదివింది. నిజంగా చదివింది.

"చూశారా, వచ్చింది కదా!" అన్నాను.

"వచ్చింది. మన క్లాసు వల్ల వచ్చిందా, బడిలో వచ్చిందా, ఏడాది పెరిగింది కాబట్టి వచ్చిందా?"

అయినా నేను ఒప్పుకోలేదు. రేపు నా పద్ధతిలో చేద్దాం, తల్లుల్ని అడిగితే వాళ్ళే చెబుతారు అన్నాను.

హార్బరులో ఇంటర్వ్యూ

తల్లులు దొరకాలంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాలంది సుహాసిని. వెళ్ళేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగి ఉన్నాయి. ఐసు గడ్డలు పిండవుతున్న చప్పుడు, వేలం పాటల అరుపులు, కాళ్ళకింద చేపల నీళ్ళు. వంజరం చేప కిలో ఎంతమ్మా అని రాజారత్నం గారు ఒకావిడను అడిగారు. ఆవిడ చెప్పిన ధర విని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ధర మారలేదు.

గట్టు మీద ఒకామె చిన్న చేపలు ఏరి ఎండబెట్టడానికి వేరుచేస్తోంది. పేరు నూకరత్నం.

"సాయంత్రం చదువు క్లాసు గురించి నాలుగు మాటలు అడగాలమ్మా" అన్నాను.

"అడుగు తల్లీ. కూకో. ఆ పీట తడిగుంది, సూసుకో."

ఆమె మాట పూర్తయ్యేలోపే కూర్చున్నాను. ఆ రోజంతా నా వెనక పిల్లులు తిరగడానికి అదే కారణం.

"క్లాసు వల్ల మేలేమైనా ఉందా?"

"ఓలమ్మ, మేలు నేకపోడమేటి! ఇదివరకు పుస్తకం సూత్తే సాలు, పారిపోయీది. ఇప్పుడు బస్సు మీద బోర్డులు, మందు సీసా మీద కాయితం, అన్నీ సదివీస్తంది. మొన్న ఆల్ల నాన్నకి పేపరు సదివి ఇనిపించింది. ఆడు ఏడిసీసాడు."

నా కళ్ళు చెమర్చాయి. ఇదీ సాక్ష్యమంటే అన్నట్టు రాజారత్నం గారి వైపు చూశాను. ఆయన మెల్లిగా అడిగారు. "అమ్మాయి పేరేంటమ్మా?"

"ఏ అమ్మాయి?"

"మీ అమ్మాయే."

"నాకు అమ్మాయెక్కడిది బాబూ? ఇద్దరూ మొగపిల్లలే. పెద్దోడికి పెల్లి కూడా అయిపోనాది."

"మరి ఇందాక చెప్పిందంతా?"

నూకరత్నం నన్ను జాలిగా చూసింది. "ఆవిడ అంత దూరం నుంచొచ్చి, తడి పీట మీద కూకుని అడిగితే, నాకు తెల్దని మొకమ్మీద ఎలగ సెప్పీడం? క్లాసు కదా, మంచే జరిగుంటాది."

రాజారత్నం గారు నవ్వలేదు. బోట్ల వైపు తిరిగి చాలాసేపు సముద్రాన్ని చూశారు. నవ్వి ఉంటే ఎంతో బాగుండేది.

తర్వాత నిజంగా పిల్లలున్న తల్లుల్నే వెతికి అడిగాను. అందరూ సూపరన్నారు. క్లాసులో పిల్లలకు గుడ్డు పెడతారనీ, బాగాలేదంటే క్లాసుతో పాటు గుడ్డు కూడా పోతుందని వాళ్ళ భయమనీ తిరుగుదారిలో సుహాసిని చెప్పింది. నా పద్ధతి కూడా ఆ చేపల నీళ్ళలోనే జారిపడింది.

ఇసకలో తగవు

సాయంత్రం బీచిలో మురీ మిక్స్చరు కొనుక్కుని కూర్చున్నాం. పొట్లం ముప్పై రూపాయలు. మురీలంటే మరమరాలే. మా ఊళ్ళో వాటిని బొరుగులంటాం. నీళ్ళలో నానబెట్టి, పోపు వేసి ఉగ్గాని చేసుకుని, పక్కన మిరపకాయ బజ్జీతో పొద్దున్నే తింటాం. వీళ్ళు వాటిని పొడిపొడిగా, ఉల్లిపాయా నిమ్మకాయా కలిపి సాయంత్రం తింటారు. బొరుగుల్ని నానబెడతామంటే సుహాసిని, "పాడు సేసుకుని తింటారా మేడం?" అని ఆశ్చర్యపోయింది.

"క్లాసుకొచ్చే పిల్లల్నీ రానివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే?" అన్నాను. ఇంకా పట్టు వదల్లేదు నేను.

"వచ్చేది ఎవరు? ఇంట్లో వెళ్ళమని తరిమేవాళ్ళున్న పిల్లలు. క్లాసు లేకపోయినా వాళ్ళు కాస్త ముందే ఉంటారు" అన్నారు రాజారత్నం గారు. తర్వాత పొట్లం పక్కన పెట్టి అసలు మాట బయటపెట్టారు. "పద్మనాభం వైపు ఎనిమిది ఊళ్ళు క్లాసు కావాలని అడిగాయి. మన దగ్గర నలుగురే టీచర్లున్నారు. ఏ నాలుగు ఊళ్ళకిస్తారు?"

"ముందడిగినోల్లకి" అంది సుహాసిని.

"ముందడిగినవాళ్ళకు పట్టుదల ఎక్కువ. పిల్లలు చదివితే అది మన గొప్పో వాళ్ళ గొప్పో తెలియదు."

"బాగా వెనకబడ్డ ఊళ్ళకిద్దాం" అన్నాను.

"అప్పుడు ఏడాది తర్వాత మన క్లాసే వాళ్ళను వెనక్కి నెట్టినట్టు కనిపిస్తుంది. చీటీలు వేద్దాం. ఈ ఏడాది నాలుగు ఊళ్ళు, వచ్చే ఏడాది మిగతా నాలుగు. ఏ ఊరు ఎటు పడుతుందో మన చేతుల్లో ఉండదు. మధ్యలో అందరి చేతా ఎవరూ చూడని పేజీలు చదివిద్దాం. ఎనిమిది ఊళ్ళు తక్కువే, పెద్ద మాటలు చెప్పడానికి చాలవు. మనకు మనం అబద్ధం చెప్పుకోకుండా ఉండడానికి చాలు."

నాకు ఒళ్ళు మండింది. "పిల్లల చదువుకి లాటరీయా? మీ మనవరాలైతే ఒప్పుకుంటారా?"

ఆయన నమలడం ఆపేశారు. సుహాసిని ఇసకలో గీతలు గీస్తూ అంది. "నాను ఒక ఊరికి మాటిచ్చీసాను సార్. పైడమ్మ అనీసి ఒకావిడుంది. మనవరాలు మూడో తరగతి, ఒక్క ముక్క రాదు. పోయిన ఏడు నుంచి నన్ను అడుగుతంది. ఈ ఏడు తప్పకుండా ఇత్తానన్నాను."

"చీటీలో వస్తే నీ మాట నిలబడుతుంది."

"రాకపోతే?"

అంతలో ఒక అల మా దాకా వచ్చి, ఆయన పక్కన విడిచిన చెప్పుల్లో ఒకదాన్ని పట్టుకుపోయింది. మేం ముగ్గురం లేచి పరిగెత్తాం. దొరకలేదు. ఒంటి చెప్పు చేతపట్టుకుని ఆయన ఆటో ఎక్కుతుంటే నా కోపం సగం చల్లారింది. సరే, చీటీలు వేద్దాం, కానీ నేను ఆ క్లాసుల్లో కూర్చుని చూస్తానని షరతు పెట్టాను. ఎంత మారిందో మీ పేజీ చెబుతుంది, ఎందుకు మారిందో పక్కన కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది అన్నాను. ఒప్పుకున్నారు. నా మాట ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి.

పద్మనాభం

మర్నాడు పద్మనాభం బయల్దేరాం. రాజారత్నం గారు వరలక్ష్మి గారి భర్త చెప్పులు వేసుకున్నారు. అవి ఆయన కంటే ముందు నడుస్తున్నాయి. మేం ఊరి వైపు వెళ్తుంటే ఊరంతా మాకు ఎదురొస్తోంది. పాల క్యాన్లు, ఆకుకూరల గంపలు, టిఫిను డబ్బాలు పట్టుకుని పట్నం పనులకు వెళ్ళేవాళ్ళు. నగరం దాటాక రెండు పక్కలా వరి చేలు. కర్నూలు ఎండల్లో పెరిగిన కళ్ళకు అంత పచ్చదనం ఒకేసారి చూస్తే కాస్త బరువనిపిస్తుంది.

ఎనిమిది ఊళ్ళ వాళ్ళూ మండపం లాంటి రేకుల షెడ్డులో కూడారు. రాజారత్నం గారు చీటీల సంగతి చెప్పగానే తువ్వాలు భుజాన వేసుకున్న ఒకాయన లేచాడు.

"మా పిల్లగుంటలేటి, లక్కీ డిప్పులో బకెట్లా?"

గొల్లున నవ్వారు. ఆ నవ్వులో మా మీద కోపం కూడా ఉంది. అప్పుడే పైడమ్మ లేచింది. యాభై దాటిన మనిషి. పట్నంలో ఆకుకూర అమ్మడానికి వెళ్ళకుండా ఆ రోజు ఆగిపోయింది.

"సుహాసినమ్మ మాకు ఇత్తానని మాటిచ్చింది. మరిప్పుడు సీటీలేటి?"

సుహాసిని తల దించుకుంది. వెంటనే ఇంకో ఊరి పెద్దాయన లేచి, పోయినసారి ట్రస్టు నుంచి వచ్చినాయన తమకూ మాటిచ్చాడన్నాడు. మరో ఊరివాళ్ళు తమకూ ఇచ్చారన్నారు. కాసేపటికి తేలిందేమిటంటే, మావాళ్ళు ఎక్కడ టీ తాగితే అక్కడల్లా మాటిచ్చారు. ఊళ్ళు ఒకదాని మీదకి ఒకటి లేచాయి. రాజారత్నం గారి లెక్కల పాఠం ఎవరి చెవికీ ఎక్కలేదు గానీ, ఆ గొడవ మాత్రం పని చేసింది.

"ఆగండర్రా! ఎవులికి మాటిచ్చినా దొంగ మాటేనని తెలిసిపోనాది కదా. ఏసీయండి సీటీలు. అందరి ముందరా ఏయండి" అని అరిచింది పైడమ్మే.

ఎనిమిది ఊళ్ళ పేర్లూ రాసి, అందరికీ చూపించి, మడిచి స్టీలు చెంబులో వేశారు. చీటీలు తీయడానికి టీ కొట్టాయన్ని పిలిచారు. ఎనిమిది ఊళ్ళకూ టీ పోసేవాడు కాబట్టి ఏ ఊరి పక్షమూ కాదని అందరూ ఒప్పుకున్నారు. మొదటి పేరు వచ్చింది. ఆ ఊరివాళ్ళు ఈలలు వేశారు. రెండోది, మూడోది. నాలుగో చీటీ విప్పేటప్పుడు సుహాసిని కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. పైడమ్మ ఊరు రాలేదు.

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గోడకానుకుంది. అప్పుడు నా చెవి దగ్గర రాజారత్నం గారి గొంతు వినిపించింది.

"సుభద్రమ్మా, చీటీలు సరిగా కలపలేదేమో అనిపిస్తోంది. ఇంకోసారి తీస్తే?"

ఆయన మొహం చూశాను. హాస్యం కాదు. నిన్న సాయంత్రం నాకు పాఠం చెప్పిన మనిషే. నాకూ సరే అనాలనిపించింది. కానీ ఎదురుగా ఈలలు వేసిన ఊరివాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఇంకోసారి తీస్తే అది చీటీ కాదు సార్, మన ఇష్టం" అన్నాను.

ఆయన తలూపి, పెద్ద చెప్పుల్లో కాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. లాటరీని తిట్టినదాన్ని నేనే దాన్ని కాపాడాల్సి వచ్చింది.

కోడికూర

చల్లగా జారుకుందామనుకుంటుంటే పైడమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి? గెలుత్తాం అనీసి పొద్దున్నే కోడిని కోసీసాం. ఇప్పుడేటి, దాన్ని మల్లీ లెగ్గొడతామా? రండి, తినీసి ఎల్లండి."

ఓడిన ఊరిలో భోజనానికి కూర్చోవడమంత ఇబ్బంది ఇంకోటి లేదు. కానీ ఆ కోడికూర తిన్నాక ఇబ్బంది సంగతి మర్చిపోయాను. కారం కారంలా ఉంది. ఉత్తరాంధ్రకు వచ్చాక మొదటిసారి నా ముక్కు కారింది, ఆనందంతో. మా పక్కనే పైడమ్మ మనవరాలు ఎముక చీకుతూ కూర్చుంది. చెప్పులు ఎందుకంత పెద్దవని రాజారత్నం గారిని అడిగింది. కాళ్ళు ఇంకా పెరుగుతున్నాయని ఆయన చెప్పారు.

పైడమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "వచ్చే ఏడు దాకా నా గుంట ఊరికే కూకుంటాదా? నాను అయిదు దాకా సదివాను. మా కోడలు పది పాసు. మా గుంటల్ని సాయంత్రం మేమే కూకోబెట్టి సదివించీసుకుంటాం."

"అయ్యో, వద్దు వద్దు!" అన్నారు రాజారత్నం గారు. ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది.

వడ్డించే గరిటె కూడా ఆగింది. "ఏటి వద్దు?"

"అంటే... మీరు సొంతంగా చదివిస్తే... క్లాసున్న ఊరికీ లేని ఊరికీ తేడా..."

అక్కడితో ఆగిపోయారు. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవులకే వినపడింది. పైడమ్మ గరిటె కిందికి దించింది.

"మా గుంట సదవకుండా ఉంటే మీ లెక్క బాగుంటాదా సార్?"

రాజారత్నం గారి చెవులు ఎర్రబడ్డాయి. ముద్ద విస్తట్లో పెట్టి, ఎడమ చేత్తో కళ్ళద్దాలు తీశారు.

"తప్పు మాటన్నానమ్మా. చదివించండి. ఎంత వస్తే అంత చదివించండి. మా లెక్క మేం చూసుకుంటాం."

పైడమ్మ ఆయన్ని కాసేపు అలాగే చూసి, లోపలికెళ్ళి కోడి కాలు తెచ్చి ఆయన విస్తట్లో వేసింది. క్షమించిందనే అనుకున్నాం.

తిరుగుదారిలో ఆయన చేల వైపు చూస్తూ అన్నారు. "మనం వెళ్ళకపోతే ఊళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటాయని నా లెక్క. కూర్చోవు కదా. మనం లేకపోయినా వాళ్ళు ఏదో ఒకటి చేసుకుంటారు. దానికంటే మన క్లాసు మెరుగ్గా ఉందా అన్నదే మనం అడగాల్సింది." ముందు సీట్లోంచి సుహాసిని వెనక్కి తిరిగి, ఊళ్ళు తమంతట తాము చేసుకున్నదీ చేసుకోనిదీ కూడా రాసి పెడతానంది. మాట తప్పిన బాధ ఆమె మొహంలో ఇంకా ఉంది. పైడమ్మ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ఆవిడ ఈమె చేయి పట్టుకుని ఏదో చెప్పింది. ఏమందని నేను అడగలేదు.

కర్నూలు చేరాక

ఇప్పుడు నాలుగు ఊళ్ళలో క్లాసులు నడుస్తున్నాయి. మధ్యలో ఒకసారి వెళ్ళి కూర్చుని చూసొచ్చాను. మిగతా ఊళ్ళ కబుర్లు సుహాసిని ఫోన్లో చెబుతోంది. పైడమ్మ, ఆమె కోడలు వాళ్ళ వరండాలో పిల్లల్ని కూర్చోబెడుతున్నారు. ఓడిన ఊరివాళ్ళం కదా, గెలిచినవాళ్ళ కంటే ముందుండాలని పంతం. గెలిచిన పక్క ఊరి పిల్లలు తమ కథల పుస్తకాలు తెచ్చి వీళ్ళకు చదవడానికి ఇచ్చి వెళ్తున్నారట.

ఈ మధ్య రాజారత్నం గారు ఫోన్ చేశారు.

"సుభద్రమ్మా, విన్నారా? పుస్తకాలు కూడా ఇచ్చిపుచ్చుకుంటున్నారట. ఇలాగైతే రెండు ఊళ్ళకీ తేడా కనపడదు. మన క్లాసు దండగని పెద్దలు అనేస్తారు."

"మరి ఆపమని సుహాసినికి చెప్పనా సార్?"

"ఆపమంటే మీ ఇంటికొచ్చి ధర్నాకు కూర్చుంటాను."

"రిపోర్టులో ఏం రాస్తారు?"

"జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇంతకీ ఇది విన్నారా? పైడమ్మ మనవరాలు మొన్న బస్సులో బోర్డులన్నీ పైకి చదివి కండక్టర్ని విసిగించిందట. సుహాసిని ఎదురు సీట్లోనే ఉందట, తన కళ్ళతో చూసిందట."

లెక్క పాడైపోతోందని చెప్పడానికి ఫోన్ చేసిన మనిషి అంత సంతోషంగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.